వరసలు బంద్ పెట్టిన గంట

భద్రాచలంలో పనిచేసిన రోజుల్లో నాకు కుర్చీ పేరెత్తితే ఒళ్ళు మండేది. ఎక్కడికి వెళ్ళినా నాకంటే ముందు కుర్చీ వచ్చేది. కూరగాయల కొట్టు దగ్గర కాసేపు నిలబడితే కొట్టాయన లోపలి నుంచి స్టూలు తెచ్చి తువ్వాలుతో తుడిచేవాడు. జ్వరం వచ్చి దవాఖానాకు పోతే బెంచీ మీది ముసలమ్మను లేపి మరీ నన్ను కూర్చోబెట్టారు. గౌరవమే, కాదనను. కానీ గౌరవంతో ఎంతసేపని మాట్లాడతాం?

మాది మధిర దగ్గర పల్లె. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళలో డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పడానికి నన్ను ఇక్కడికి వేశారు. జిల్లా ఒకటే అయినా మా ఊరి మాట వేరు, ఇక్కడి మాట వేరు. నేను నోరు తెరవగానే "మేడం, మీది బెజవాడ దిక్కా?" అని అడిగేవాళ్ళు. పెళ్ళి ఎందుకు కాలేదని కూడా అందరూ తలా ఒకసారి అడిగి, జవాబు రుచించక ఊరుకున్నారు. ఆ తర్వాత అడగడానికి వాళ్ళ దగ్గరా ఏమీ మిగల్లేదు, చెప్పడానికి నా దగ్గరా ఏమీ మిగల్లేదు.

నేను కిరాయికున్న ఇంటి వసారాలో రోజూ మధ్యాహ్నం నుంచి ఇంటామె, చుట్టుపక్కల ఆడవాళ్ళు కలిసి అడ్డాకుల విస్తళ్ళు కుట్టేవాళ్ళు. మధ్యలో ఆకుల కుప్ప, చుట్టూ వీళ్ళు. చేతులు ఆకుల మీద, నోళ్ళు ఊరి మీద. నేను కాలేజీ నుంచి వస్తూ సందు మలుపు తిరిగేసరికే వాళ్ళ నవ్వులు వినబడేవి. గేటు తీయగానే ఆగిపోయేవి.

"మేడం వచ్చింది. ఓ పిల్లా, కుర్చీ తే" అనేది ఇంటామె.

నేను కూర్చునేదాన్ని. బాగున్నారా అంటే బాగున్నం మేడం అనేవాళ్ళు. తిన్నారా అంటే తిన్నం మేడం అనేవాళ్ళు. అక్కడితో మా మాటల మూట అయిపోయేది. నా మోకాళ్ళ ఎత్తున వాళ్ళ తలలు, ఆకులో పుల్ల గుచ్చుతున్న చప్పుడు. కాసేపు చూసి లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంటే, స్టవ్వు వెలిగించేలోపే బయట మళ్ళీ నవ్వులు మొదలయ్యేవి. ఆ నవ్వులు నా మీద కాదని నాకు తెలుసు. నా మీద అయినా బాగుండుననిపించేది.

కాలేజీలో లెక్కలకు ఇద్దరు ఉండాల్సిన చోట నేనొక్కదాన్నే. ఫస్టియరులో చేరే పిల్లలు గోదావరికి అటు బూర్గంపాడు వైపు గూడేల నుంచి, ఇటు అడవి ఊళ్ళ నుంచి, కొందరు ఇల్లందు గనుల దిక్కు నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. ఇంటర్ ఎలా గట్టెక్కారో ఏమో, బ్రాకెట్టు ముందు మైనస్ గుర్తు కనబడితే పామును చూసినట్టు చూసేవాళ్ళు. తెలియదని అడగరు. అర్థమైందా అంటే అందరూ ఒక్కసారే తలూపుతారు. పరీక్షలో అందరూ ఒక్కసారే తప్పుతారు.

వీళ్ళు నన్ను అడగరు, తోటివాళ్ళనైతే అడుగుతారని నాకు తోచింది. పై క్లాసు పిల్లల్లో కొందరిని తయారుచేసి, సాయంత్రం క్లాసులయ్యాక హాస్టల్లో హాజరు తీసుకునేలోపు ఒక గంట ఫస్టియరు వాళ్ళకు చెప్పిస్తే ఎలా ఉంటుందని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి, "పిల్లలే పిల్లలకు చెప్తే ఇగ మనమెందుకు మేడం?" అన్నారు. అన్నారే గానీ వెనక వైపు పాత గది తాళం ఇచ్చారు.

శనివారం మధ్యాహ్నాలు ఆ గదిలో మాకు తర్ఫీదు. నేను మొద్దు విద్యార్థిని. బోర్డు దగ్గర నిలబడి కావాలని తప్పులు చేసేదాన్ని, వాళ్ళు నాకు నేర్పాలి. ఈ వేషం నాకు ఎంత నచ్చేదో చెప్పలేను. వారమంతా ఎవరూ నాతో ఆడని ఆట అది. వాళ్ళకేమో ప్రాణసంకటం. నేను ఎంత ఘోరమైన తప్పు చేసినా "కరెక్టే మేడం" అనేవాళ్ళు. మేడం తప్పు చేస్తే దిద్దడమే!

వాళ్ళలో ఒక్క అమ్మాయి మాత్రం దిద్దింది. ఫైనలియరు, బూర్గంపాడు అవతల గూడెం పిల్ల. సన్నగా, నల్లగా, మాట్లాడేముందు కింది పెదవి కొరుక్కునే అలవాటు. నేను మైనస్‌ను బ్రాకెట్టు లోపలికి తీసుకుపోయి మొదటి గుర్తు మార్చి రెండోది మార్చకుండా వదిలేస్తే, ఆ పిల్ల కాసేపు ఓర్చుకుని, "తప్పు మేడం. మళ్ళొకసారి సూడున్రి" అంది. మిగిలినవాళ్ళు తలలు దించుకున్నారు. నేను తల గోక్కుని "ఏది?" అన్నాను. "నేను చెప్ప. మీరే సూడున్రి" అంది. ఆ పిల్లను అక్కడికక్కడే ఎంచుకున్నాను. ఇంకో అబ్బాయి ఇల్లందు వాడు. తండ్రి గనిలో దిగుతాడు. షిఫ్టు దిగి వచ్చిన మనిషి నిద్ర చెడకుండా మాట్లాడడం చిన్నప్పటి నుంచి అలవాటై వాడి గొంతు ఎప్పుడూ మెత్తగా ఉండేది. వాళ్ళిద్దరికీ చెరొక గుంపు అప్పజెప్పాను.

నేను నేర్పినవి పెద్ద విద్యలేమీ కావు. చాక్‌పీసు ఎప్పుడూ నేర్చుకునేవాడి చేతిలోనే ఉండాలి, మీ చేతికి రాకూడదు. ప్రశ్న అడిగాక నోరు మూసుకుని ఉండాలి. ఎదుటివాడికి చెమటలు పడుతున్నా సరే, జవాబు మీరు అందించకూడదు. తెలియనిది తెలియదని చెప్పి నా దగ్గరికి రావాలి. ఈ మూడిట్లో మధ్యది వాళ్ళకు చాలా కష్టం. పక్కవాడు ఇబ్బంది పడుతుంటే చూస్తూ ఊరుకోవడం వాళ్ళ ఇళ్ళల్లో లేదు.

ఇల్లందు అబ్బాయి గుంపు మొదటి రోజు నుంచే కుదురుగా సాగింది. అందరికీ వాడు అన్న. అమ్మాయి గుంపులో మాత్రం నవ్వులే నవ్వులు. ఏమిటా అని ఒకరోజు కిటికీ పక్క నిలబడ్డాను. గుంపులో ఆ పిల్ల మేనత్త కొడుకు ఉన్నాడు. మధ్యలో చదువు ఆపి గూడెంలో కొన్నేళ్ళు సేద్యం చేసి మళ్ళీ చేరినవాడు కాబట్టి ఫస్టియరు అయినా ఈమెకంటే పెద్ద. వరసకు బావ.

"లెక్క ఎంతవరకొచ్చింది?" అని ఈమె అడుగుతోంది.

"మరదలు సుట్టూ తిరుగుతుంటే లెక్కెట్ల ముంగటికి పోతది?" అని వాడు.

గది ఘొల్లుమంది. ఈ పిల్ల డస్టరు తీసి వాడి మీదికి విసిరింది. వాడు దాన్ని పట్టుకుని దణ్ణం పెట్టాడు. ఇంకో అమ్మాయి ఈమెకు వదిన వరస, ఆమె కూడా అందుకుంది. ఆ గంటలో ఒక్క మైనస్ కూడా బ్రాకెట్టు దాటలేదు.

మర్నాడు ఆ పిల్లను పిలిచి కొంచెం గట్టిగా ఉండమన్నాను. నవ్వింది. "మరదలు గట్టిగుంటే బావ ఇంటడా మేడం? నేను గట్టిగ అన్న కొద్ది ఆయనకు ఇంకింత మజా" అంది. గుంపులో సగం మంది ఆమెకు ఏదో ఒక రకంగా చుట్టాలు. మరిది, వదిన, మరదలు. వాళ్ళు ఎదురుపడితే ఎగతాళి చేసుకోకపోవడమే తప్పు. చేసుకోకపోతే ఇంట్లో ఏదో తగాదా పడ్డారనుకుంటారట. మార్కులు చూసి గుంపులు కట్టిన నాకు ఈ లెక్క ఏం తెలుసు?

గుంపులు మారుద్దామని నేను ఆలోచిస్తుండగానే వాళ్ళే దారి కనిపెట్టుకున్నారు. నేను పెట్టిన చిన్న పరీక్షలో ఆ బావకు సున్నా వచ్చింది. ఇల్లందు అబ్బాయి గుంపులో వాడికంటే చిన్నవాళ్ళు గట్టెక్కారు. ఆ సాయంత్రం వాడు అందరికంటే ముందు వచ్చి, గడప దగ్గర నేల మీద చాక్‌పీసుతో ఈ మూల నుంచి ఆ మూలకు ఒక గీత గీశాడు.

"ఇయ్యాల్టిసంది గీ గంటల వరసలు బంద్. చెప్పులు బయట ఇడిసినట్టు వరస గూడ బయట ఇడిసి లోపలికి రావాలె. లోపల గామె నాకు మరదలు కాదు, మీకు వదిన కాదు. మేడం. తెల్సిందా?" అన్నాడు.

అందరూ తలూపారు. ఈసారి నిజంగానే ఊపారు. వాడు గీత దాటి లోపలికి వచ్చి, చేతులు కట్టుకుని, "గుడీవినింగ్ మేడం" అన్నాడు. ఆ పిల్ల సిగ్గుతో గోడకు తిరిగింది.

నాకు ఎంత ముచ్చటేసిందో! స్టాఫ్ రూములో ఈ గీత కథ అందరికీ చెప్పాను. అడగని వాళ్ళకు కూడా చెప్పాను. నిజంగానే ఆ రోజు నుంచి గుంపు దారిలో పడింది. ఆ పిల్ల అవసరమైన చోట వాళ్ళ గూడెం భాషలో చెప్పేది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ బావ చేతిలోని చాక్‌పీసు బ్రాకెట్టు ముందు ఆగి, ఆలోచించి, రెండు గుర్తులూ మార్చి ముందుకు పోయేది. గంట అయ్యాక నా ట్యూటర్లిద్దరూ నా దగ్గరికి వచ్చి ఆ రోజు ఎవరికి ఏది ఎక్కడ ఇరుక్కుందో చెప్పేవాళ్ళు. నేను ఫ్లాస్కులోని టీ పోసేదాన్ని. బల్లకు అటు వాళ్ళు, ఇటు నేను. ఉన్నమాట చెప్తున్నాను, రోజు మొత్తం మీద నేను ఎదురుచూసింది ఆ కాసేపటి కోసమే. వాళ్ళు వెళ్ళిపోయాక కప్పులు నెమ్మదిగా కడిగేదాన్ని.

చలి మొదలైన రోజుల్లో ఆ అమ్మాయి మాట తగ్గింది. టీ తాగుతుంది, గుంపు సంగతి చెప్తుంది, వెళ్ళదు. ఇల్లందు అబ్బాయి వెళ్ళిపోయినా కూర్చునే ఉంటుంది. చదువు బరువేమో అనుకున్నాను. ఒక సాయంత్రం కప్పు బల్ల మీద పెట్టి, కింది పెదవి కొరుక్కుని, "మేడం, నాకు గీ పని వద్దు" అంది.

ఎందుకు అని అడిగి, నేను నేర్పిన పద్ధతిలోనే నోరు మూసుకుని కూర్చున్నాను.

"గీత దాటి లోపలికొచ్చినప్పుడు వరస బయట ఇడుస్తున్నరు. మంచిగనే ఉంది. కని బయటికి పోయినంక ఎవ్వరు మళ్ళ తొడుక్కుంటలేరు మేడం" అంది.

హాస్టలు భోజనాల దగ్గర మొదలైందట. గూడెం పిల్లలంతా ఒక దగ్గర కూర్చుని తింటారు. ఒకరి కంచంలోంచి ఒకరు లాక్కుంటారు. ఇప్పుడు ఈమె వస్తే జరిగి చోటిస్తున్నారు. ఈమె కంచంలో ఎవరూ చెయ్యి పెట్టడం లేదు. వదిన వరస పిల్ల, ఏడాది కింద ఈమె జడ పట్టి గుంజిన పిల్ల, "మేడం, నీళ్ళు తెమ్మంటారా?" అని అడిగిందట. మొదట వెక్కిరింతేమో అనుకుని నవ్విందట ఈమె. ఆ పిల్ల నవ్వలేదు.

"మొన్న మా మేనత్త బిడ్డ పెండ్లి అయింది. గా బావ చెల్లెదే. పోయిన" అంది. "మా దిక్కు పెండ్లిల పసుపు ఆడతరు మేడం. వరసైనోల్లంత చెంబులతోని పసుపునీళ్ళు పట్టుకొని ఉరుకుతరు. పోయినసారి నా చెవులల్ల గూడ పసుపే. గీసారి నేను పోంగనే కుర్చీ ఏసిండ్రు. కాలేజీల మేడంలెక్క చెప్తదట అని పెద్దమనుషులు గూడ లేసి నిలబడ్డరు. అందరు నా సుట్టూ ఉరుకుతున్నరు. నా మీద ఒక్క చుక్క పడలె. బావ చెంబు పట్టుకొని నా ముంగట్నించే పోయిండు. నన్ను సూసి పక్కకు మర్రిండు."

బల్ల మీది కప్పును పక్కకు జరిపి, "కొత్త లంగా ఓణీ ఏస్కొని పోయిన. ఖరాబైతదని అమ్మ వద్దన్నది. ఖరాబు కాలె" అంది. అప్పుడు ఏడ్చింది.

నాకు ఆ కుర్చీ తెలుసు. ఆ పిల్ల చెప్తున్నది నా వసారా సంగతే. నేను ఆమెకు మైనస్ గుర్తు నేర్పమని ఇచ్చిన పనిలో, నాకు తెలియకుండానే, నా బతుకు కూడా కలిసి వెళ్ళింది. గుండె చెరువైంది అంటారే, అలా అయింది. దానితోపాటు భయం కూడా వేసింది. పరీక్షలు దగ్గర పడ్డాయి. ఈమె మానేస్తే ఆ గుంపు నిలబడదు. ఆ గుంపు పోతే ఈ బల్ల దగ్గర టీ కూడా పోతుంది. ముందు తోచింది టీయే అని చెప్తే మీరు నవ్వుతారు.

"మానేస్తే మానెయ్యమ్మా. మీ వాళ్ళకంటే మైనస్ గుర్తు ఎక్కువేం కాదు" అన్నాను.

తల ఎత్తి చూసింది. "మరి వాండ్లు ఫెయిలైతే?"

"అయితే అవుతారు."

"గట్లెట్ల అంటరు మేడం?" అని కోపంగా లేచింది. "బావ మళ్ళ ఫెయిలైతే ఇగ కాలేజీకి రాడు. నాగలి పట్టుకుంటడు. వాండ్ల నాయన గదే కోరుకుంటున్నడు." చున్నీతో ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయింది.

తర్వాత కొన్ని రోజులు ఆమె ఆ గదికి రాలేదు. ఇల్లందు అబ్బాయి రెండు గుంపులనూ కలిపి కూర్చోబెట్టాడు. వాడి మెత్తటి గొంతు వెనక వరసకు అందేది కాదు. ఆమె గుంపు పిల్లలు తలలు వంచుకుని కూర్చునేవాళ్ళు. బావ కిటికీలోంచి బయటికి చూసేవాడు. నేను వెళ్ళి చెప్పబోతే అందరూ లేచి నిలబడి, కూర్చుని, అర్థమైందని తలూపారు. మళ్ళీ మొదటికొచ్చాం. ఫ్లాస్కులో టీ నేనూ ఇల్లందు అబ్బాయీ తాగేవాళ్ళం. వాడికి నాతో ఏం మాట్లాడాలో తెలియక వాళ్ళ నాన్న షిఫ్టుల గురించి చెప్పేవాడు. పాపం, మంచి పిల్లవాడు.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. ఎవరితో ఏమీ అనకుండా గదిలోకి పోయి, స్టాండు మీది నల్లబోర్డు కింద చెయ్యి పెట్టి ఎత్తబోయింది. బరువు. "సూస్తరేంది, పట్టున్రి" అంది. ఇద్దరు ముగ్గురు లేచి పట్టారు. బోర్డును దించి గది మధ్యలో నేల మీద పడుకోబెట్టారు.

"సుట్టూ కూసోన్రి. అందరి చేతుల చాక్‌పీసు ఉండాలె. ఎవరి దిక్కు నుంచి వాండ్లు రాయున్రి" అని తనూ కింద కూర్చుంది.

నేను కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. బోర్డు చుట్టూ తలలన్నీ దగ్గరికి చేరాయి. ఒకడు రాసింది ఎదుటివాడికి తలకిందులుగా కనబడుతోంది. తల తిప్పి చూస్తున్నారు, మోచేతులతో పొడుచుకుంటున్నారు, ఒకరి తప్పు మీద ఒకరు అరచేత్తో తుడిచేస్తున్నారు. నేను ఇదెక్కడో చూశాననుకున్నాను. మా వసారాలో ఆకుల కుప్ప చుట్టూ ఆడవాళ్ళు కూర్చునేది ఇలాగే.

గంట అయ్యాక ఆ పిల్ల లేచి గడప దగ్గరికి పోయి, ఆ గీతను కాలితో రుద్దేసింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. బయట బోరింగు దగ్గర పిల్లలు చాక్‌పీసు చేతులు కడుక్కుంటున్నారు. ఈమె పోయి బకెట్లోంచి మగ్గు నిండా నీళ్ళు ముంచి, వంగి ఉన్న బావ నెత్తిన కుమ్మరించింది.

కడుక్కుంటున్నవాళ్ళంతా దూరం జరిగారు. వాడు నీళ్ళు కారుతూ నిటారుగా లేచి, కళ్ళు తుడుచుకుని, "మేడం…" అన్నాడు.

"ఎవడికిరా మేడం? కండ్లు కనిపిస్తలేవా? నీ మరదల్ని!" అని రెండో మగ్గు కుమ్మరించింది.

వాడు ఒక్క క్షణం ఆమెను చూశాడు. తర్వాత మగ్గు జోలికి పోలేదు, బకెట్టే ఎత్తాడు. ఆమె కేకలు పెడుతూ సైకిళ్ళ షెడ్డు వైపు పరుగెత్తింది. వదిన వరస పిల్ల అడ్డం వచ్చి జడ పట్టుకుని ఆపింది, బావ నీళ్ళు పోసేదాకా వదల్లేదు. ఇల్లందు అబ్బాయి ఏ వరసా లేకుండానే మధ్యలో తడిశాడు. ప్రిన్సిపాల్ గారు తన గదిలోంచి బయటికి వచ్చి "ఏందిది? ఏందిది?" అన్నారు. నేను వరండా స్తంభం చాటున నవ్వుతూ ఏడ్చాను. ఆ పిల్ల తన వరస తాను తెచ్చుకుంది. ఇంకెవరూ తెచ్చి ఇవ్వలేనిది అది. కుర్చీలో కూర్చోబెట్టిన వాళ్ళు తమంతట తాము దింపరు, మనమే దిగాలి.

అలా అనుకుంటూనే ఇంటికి నడిచాను. నాకూ హుషారు వచ్చింది. గేటు తీసేసరికి ఎప్పటిలాగే నవ్వులు ఆగాయి. ఇంటామె "కుర్చీ" అనేలోపే నేను చెప్పులు విడిచి, గబగబా పోయి, ఆకుల కుప్ప పక్కన నేల మీద చతికిలబడ్డాను. ఒక ఆకు తీసుకుని, "నాకూ నేర్పండి" అన్నాను.

"అయ్యో మేడం!" అని ఇంటామె లేచింది. ఆమె లేస్తే మిగతావాళ్ళూ లేచారు. ఒళ్ళోని ఆకులు జారిపోయాయి. "కింద కూసుంటరేంది మేడం, చీర ఖరాబైతది. పిల్లా, జల్దీ కుర్చీ తే." నేను ఫరవాలేదంటున్నాను, వాళ్ళు వద్దంటున్నారు. అందరూ నిలబడి ఉన్నారు, నేనొక్కదాన్నే కింద ఉన్నాను. ఇంటామెకు మోకాళ్ళ నొప్పులు, గోడ పట్టుకుని నిలబడింది. వాళ్ళకు చీకటిపడేలోపు కట్టలు కట్టే పని ఉంది. నేను లేస్తే తప్ప వాళ్ళు కూర్చోరు.

లేచాను. కుర్చీ వచ్చింది. కూర్చున్నాను. తిన్నారా అని అడిగాను.

ఆ పిల్ల దిగడానికి కింద ఆమె వరస ఉంది. మగ్గు నీళ్ళు పోస్తే బకెట్టు ఎత్తేవాడు ఒకడున్నాడు. నాకు ఆ ఊళ్ళో ఏ వరసా లేదు. ఎవరికీ వదినను కాను, ఎవరికీ మరదలిని కాను, ఎవరి జడా గుంజలేదు. నేను కుర్చీ దిగితే నేల మీద కూర్చున్న మేడంనే అవుతాను తప్ప ఇంకేమీ కాను.

ఫలితాలు వచ్చాయి. అందరూ అనను, చాలామంది గట్టెక్కారు. బావ గట్టెక్కాడు. మరుసటి ఏడు బావే ట్యూటరయ్యాడు. ఆ పిల్ల డిగ్రీ అయ్యాక టీచరు ట్రైనింగుకు పోయేలోపు, శనివారాలు వచ్చి కొత్త ట్యూటర్లకు తర్ఫీదు తనే ఇచ్చింది. మొద్దు విద్యార్థి వేషం నాకంటే బాగా వేసేది. నాకు పని తప్పింది. బోర్డు ఇక స్టాండెక్కలేదు. నేను వెళ్తే అందరూ నవ్వుతూ లేచి, ఒకరు పరుగెత్తి కుర్చీ తెచ్చి, చున్నీతో తుడిచి వేసేవాళ్ళు. నేను బాగా తయారుచేశాను కాబట్టే వాళ్ళకు నాతో అవసరం తగ్గింది. అది సంతోషించాల్సిన విషయమని తెలిసి సంతోషించడానికి ప్రయత్నించాను. ఫ్లాస్కు మాత్రం చిన్నది కొనుక్కున్నాను.

ఆ పిల్లకు ఉద్యోగం వచ్చాక పెళ్ళి కుదిరింది. వరుడు ఇంకో గూడెం అబ్బాయి. ఆమే స్వయంగా వచ్చి పిలిచింది. "తప్పకుంట రావాలె మేడం. మా గూడెం మీరు సూడనే లేదు" అంది. ఇంటామె నా పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకోమంది. నేను వినలేదు. అడుగున ఉన్న పాత తెల్ల నేతచీర తీసి కట్టుకున్నాను. అంచు పోగులు లేచాయి, ఎన్ని మరకలైనా బాధ లేదు. ఇంటామె నన్ను కింది నుంచి పైదాకా చూసి, "పెండ్లికి గిదేంది మేడం?" అంది. అక్కడ పసుపు ఆడతారట అని చెప్పబోయి, సిగ్గేసి ఊరుకున్నాను.

బస్సులో గోదావరి దాటి, బూర్గంపాడులో దిగి, అక్కడి నుంచి బావ మోటారు సైకిలు మీద గూడెం చేరాను. దారంతా అడవి, దుమ్ము. డోలు దూరం నుంచే వినబడుతోంది. పందిరి దగ్గరికి రాగానే పెద్దమనుషులు లేచి నిలబడ్డారు. నీడ చూసి కుర్చీ వేశారు. గ్లాసులో కూల్‌డ్రింకు ఇచ్చారు.

పసుపు మొదలైంది. చెంబులు, బకెట్లు, గిన్నెలు, ఏది దొరికితే అది. ముసలివాళ్ళు కూడా పరుగెత్తుతున్నారు. వదిన వరస పిల్ల నెత్తి నుంచి కాళ్ళదాకా పచ్చగా అయింది. ఇల్లందు అబ్బాయి కూడా వచ్చాడు. వాణ్ణి ఎప్పుడో చుట్టం చేసేసుకున్నట్టున్నారు, ఇద్దరు పట్టుకుని చెవుల్లో పోస్తున్నారు. నా కుర్చీ చుట్టూ మాత్రం ఎవరో గీత గీసినట్టు నేల పొడిగా ఉంది.

బావ నిండు చెంబుతో ఎవరినో తరుముకుంటూ సరిగ్గా నా ముందుకు వచ్చాడు. పారిపోతున్నవాడు నా కుర్చీ వెనక దాక్కున్నాడు. చెంబు పైకి లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను. కొంగు కూడా సర్దుకోలేదు.

ఏమీ పడలేదు. కళ్ళు తెరిచేసరికి వాడు చెంబు దించి, పచ్చటి చేత్తో దణ్ణం పెడుతున్నాడు. "సారీ మేడం. మీరున్నది సూడలె" అని, నా మీద చుక్క పడకుండా ఎడంగా తిరిగి పోయాడు.

పందిట్లోంచి పెళ్ళికూతురు ఇటే చూస్తోంది. ముందు నా ముఖం చూసింది, తర్వాత నా చీర చూసింది. ఆ చీర ఆమె ఎన్నడూ చూసి ఉండదు, కాలేజీకి కట్టేది కాదు. కింది పెదవి కొరుక్కుంది. ఏదో పిలవబోయినట్టు నోరు తెరిచింది. అంతలో పక్కనున్న ముసలమ్మ గడ్డం పట్టి ఆమె ముఖం వరుడి వైపు తిప్పింది.

చీకటిపడేలోపు బస్సు ఎక్కాను. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇంటికొచ్చి దీపం వేసి చీర విప్పి చూశాను. తెల్లగా ఉంది. ఉతికే పని లేదు. మడతపెట్టి పెట్టె అడుగున ఎప్పటి చోటనే పెట్టాను.